భరణి కార్తెలో పెద్దేముల్

2024 మే మొదటి వారం. లోక్‌సభ ఎన్నికల ప్రచారం జోరుమీదుంది. మెహిదీపట్నంలో తాండూరు బస్సెక్కేసరికి పొద్దున ఏడు దాటింది. అప్పటికే కిటికీ కడ్డీ మీద చెయ్యి ఆనడం లేదు. ఉత్తర తెలంగాణ జిల్లాల్లో 46 డిగ్రీలు దాటిందని పేపర్లు రాస్తున్న రోజులవి. వికారాబాద్ జిల్లా ఎత్తు మీద ఉంటుంది కాబట్టి అక్కడి ఎండ కొంచెం మెత్తన అని పేరు. ఆ మెత్తదనం ఏమైనా మిగిలిందేమో చూడాలనుకున్నాను. అసలు పని మాత్రం వేరే. తాండూరు దగ్గర పెద్దేముల్‌లో నేనెరిగిన ఒక ఇంట్లో తాతకూ మనవడికీ ఈ ఎండల మీదే పంచాయితీ నడుస్తోందని తెలిసింది. మనవడు హైదరాబాదులో బండి మీద తిండి పొట్లాలు చేరవేసే పనిలో ఉన్నాడు, నాలుగు రోజులు ఊళ్లో ఉంటాడు. ఇద్దరూ ఒక్క చోట దొరికే అదను అదే.

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారి పొడవునా మర్రిచెట్లు. తొమ్మిది వందలకు పైచిలుకు ఉంటాయని లెక్కపెట్టినవాళ్లు చెప్తారు. బస్సు వాటి కిందికి పోయినప్పుడు మెడ మీది చెమట చల్లబడేది, బయటికి రాగానే ముఖానికి సెగ కొట్టేది. నా పక్కన కూర్చున్నాయన తాండూరు వ్యాపారి. చెట్లను చూసి మురిసిపోతున్న నన్ను చూసి ఆయనకు ఒళ్లు మండింది. "ఈ చెట్ల పంచాయితీల పడి రోడ్డు ఆగిపాయె సార్. మీరు ఒక్కనాడొస్తరు, మేం వారం వారం పోవాలె" అన్నాడు. రోడ్డు వెడల్పు వ్యవహారం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయి నలుగుతోందప్పుడు. నేను చెట్ల పక్షమే. కానీ 2025 నవంబర్ 3న ఇదే దారిలో మీర్జాగూడ దగ్గర తాండూరు బస్సును కంకర టిప్పర్ గుద్ది ఇరవై మంది దాకా పోయారన్న వార్త చదివినప్పుడు ఆయన ముఖమే కళ్ల ముందు మెదిలింది. ఆ రోజు ఆయనకు చెప్పాలనుకున్న జవాబు ఇప్పటికీ నా దగ్గర సిద్ధంగా లేదు.

వికారాబాద్ గాలి లక్షమంది రోగులకు మందు అని ఉర్దూలో ఒక మాట ఉంది. అనంతగిరి గుట్ట మీద క్షయరోగులకు ఆస్పత్రి కట్టింది ఆ గాలిని నమ్మే. మూసీ పుట్టేదీ ఆ అడవిలోనే. అదే జిల్లాలో దామగుండం అడవిని, 2,900 ఎకరాలు, నౌకాదళం రేడియో ప్రసార కేంద్రానికి ఆ జనవరిలోనే అప్పగించారు. శంకుస్థాపన అక్టోబరులో జరిగింది. వద్దన్నవాళ్లలో కాలేజీ పిల్లలున్నారు, పశువులు కాసుకునే ముసలివాళ్లూ ఉన్నారు. వికారాబాద్ బస్టాండులో సోడా తాగుతూ ఆ గాలి మాట ఎత్తితే సోడా అమ్మే ఆమె "గుట్ట మీద సుత ఉక్కపోతే ఉన్నది" అని తేల్చేసింది.

తాండూరు దగ్గరపడుతోందని కళ్లకంటే ముక్కుకు ముందు తెలుస్తుంది. రాతిపొడి వాసన. నాపరాయి కోసే, నునుపు చేసే మిషన్లు దారికి రెండు పక్కలా తిరుగుతుంటాయి. కోత చక్రం మీద నీళ్లు ధారగా పడుతుంటే బూడిదరంగు బురద కాలువలోకి జారుతుంది. ఒక షెడ్డు ముందు ఆగి చూశాను. రేకుల కప్పు కింద ఒక కుర్రాడు, తలకు తడి తువ్వాల, మోకాళ్ల దాకా ఆ బురద నీళ్లలో నిలబడి బండ తిప్పుతున్నాడు. ఎండిన చోటల్లా కాళ్లు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. ఈ ఊళ్లో మధ్యాహ్నం పూట కాస్త చల్లగా ఉండే కొలువు అదేనని షెడ్డు మేస్త్రీ చెప్పాడు. చక్రం కింద నీళ్లున్నాయి కదా.

ఈ రాయి కథ చెప్పకుండా ఇక్కడి ఎండ కథ చెప్పలేం. కోట్ల ఏళ్ల కింద లోతు తక్కువ సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి ఇది. పొరను పొర నుంచి విడదీసి పరిస్తే షాబాద్ బండ, తాండూరు బండ. తెలంగాణలో ఈ బండ మీద కూర్చుని అన్నం తినని ఇల్లు అరుదు. బండగా ఉన్నంతసేపూ దానివల్ల గాలికి వచ్చే నష్టం తక్కువే. అదే రాయిని పొడిచేసి బట్టీలో 1,450 డిగ్రీల దాకా కాలిస్తే సిమెంటు క్లింకర్. స్వచ్ఛమైన సున్నపురాయి టన్ను కాలిస్తే 440 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా లేచిపోతుంది. ఇది రాతి లోపల ఉన్నదే. కాల్చడానికి వాడిన బొగ్గు పొగ దీనికి అదనం. ప్రపంచం మొత్తం వదిలే ఆ వాయువులో ఏడెనిమిది శాతం సిమెంటు వాటా. తాండూరు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ రాయి కోసమే; కరణ్‌కోట్‌లో కేంద్ర ప్రభుత్వానిదే ఒకటుంది. ఆ సిమెంటు హైదరాబాదుకు పోయింది. అక్కడి గోడలై, పగలంతా ఎండను తాగి రాత్రంతా కక్కుతోంది. నేనుండే అపార్టుమెంటుకూ అది పోయే ఉంటుంది.

తాండూరు నుంచి షేర్ ఆటో. డ్రైవర్‌కు రెండు పక్కలా ఇద్దరు, వెనక తొమ్మిది మంది, పైన గడ్డపారలు. కందిచేన్లు ఎప్పుడో కోతైపోయి నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. గట్ల మీద కందికట్టె కుప్పలు. ఈ కందిపప్పుకు 2022 చివర్లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి పప్పు తొందరగా ఉడుకుతుందని పేరు. ఆటోలో ఒకామె "పప్పే కాదు, మనుషులం సుత" అని నవ్వించింది.

నేను పోయిన ఇల్లు రెండు కాలాలు ఒక్క గోడకు ఆనుకున్నట్టుంటుంది. వెనక భాగం తాత కట్టుకున్న మట్టి మిద్దె: నాపరాళ్ల గోడ, పైన దూలాలు, వాటి మీద బండలు, బండల మీద జానెడు మట్టి. ముందు భాగం కొడుకు పోసిన స్లాబు. మేడ మీద మనవడి పెళ్లికి గది కావాలని వేసిన రేకులు. మధ్యాహ్నం రెండింటికి మేడ గదిలో నిమిషం నిలబడలేకపోయాను. స్లాబు కింద ఫ్యాను వేడిగాలిని కిందికి తోస్తోంది. మిద్దెలోకి వంగి పోతే చీకటి, పేడతో అలికిన వాసన, కుండ నీళ్లు. అందరూ అక్కడే చేరారు, పిల్లికూనతో సహా.

తాత పోలీసు యాక్షన్ నాటికి చంకబిడ్డ. మనవడికి ఇరవై నాలుగు. నాకు సల్ల ఇచ్చి కూర్చోబెట్టారో లేదో, మొదలైంది.

"అడుగన్నా తాతను, ఊరి పొంటి చెట్లన్నీ ఎవరు కొట్టిండ్రో."

తాత దాచలేదు. "కొట్టిన. కరువొచ్చిన ఏడు తుమ్మలు కొట్టి తాండూరు హోటళ్లకు కట్టెలమ్మిన. గా పైసలతోనే మీ నాయిన బతికిండు. నాయిన బతికితేనే నువ్వు పుట్టినవ్."

"బాయిలెండగొట్టిందెవరు? బోర్లు మీద బోర్లు."

"బోర్లు మీ నాయిన. నన్నడగకు." నవ్వాడు. మళ్లీ ఆయనే అందుకున్నాడు. "నేను పుట్టినసంది ఎక్కిన మోటరు బస్సొక్కటే. గీ ఇంట్ల ఇప్పుడు బండ్లు మూడు. ఫ్రిజ్జు, ఫ్యాన్లు నాలుగు. ఎండలు నేను తెచ్చిన్నా?"

మనవడికి ఫోనులో చూసిన లెక్కలు నోటికి వచ్చు. సగటు అమెరికావాడు ఏడాదికి పద్నాలుగు టన్నుల బొగ్గుపులుసు వాయువు వదిలితే మనవాడు రెండు. "అయితే తప్పు అమెరికోనిది. నా మీదెందుకు పడ్తవ్ రా" అన్నాడు తాత. దానికి మనవడి దగ్గర మాట లేదు. కాసేపటికి, "కొట్లాడనీకి అమెరికోడు నాకు యాడ దొరుకుతడే?" అన్నాడు. తరాల కొట్లాట మీద నేను విన్న మాటల్లో అంత నిజమైనది ఇంకోటి లేదు. నింద ఎప్పుడూ చేతికందే దూరంలో ఉన్నవాడి మీదే పడుతుంది. పెద్దేముల్ ముసలివాళ్లలో ఈ వాయువు అప్పు నిజంగా చేసినవాళ్లు ఎవరూ లేరు. అప్పు చేసినవాళ్లలో ముసలివాళ్లూ పడుచువాళ్లూ ఇద్దరూ ఉన్నారు. వాళ్ల ఇళ్లకు చల్లటి గదులున్నాయి, ఒకరినొకరు తిట్టుకునే అవసరం అంతగా రాదు.

ఇంట్లో నాలుగేళ్ల పిల్ల ఉంది, మనవడి అన్న కూతురు. తడి గోనెసంచి మీద బోర్లా పడుకుని మా మాటలు వింటోంది. పుట్టింది 2020లో. 1960లో పుట్టినవాళ్లతో పోలిస్తే 2020లో పుట్టినవాళ్లు జీవితంలో సుమారు ఏడు రెట్లు ఎక్కువ వడగాడ్పులు చూస్తారని 2021లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, దేశాలు అప్పటిదాకా ఇచ్చిన మాటలు నిలబెట్టుకున్నా సరే. నేనది చెప్పలేదు. చెప్తే తాతకు ఇంకో నింద తోడవుతుంది, అంతే.

తాత తన ఈడు మనిషి గురించి చెప్పాడు. ఇద్దరూ కలిసి కరువుపనికి పోయేవారు, చెరువు పూడిక తీయడానికి. 2024లో ఈ ఉపాధి హామీ కూలి రోజుకు 300 అయింది. పొద్దున ఆరుకు పోయి ఎండ ముదరకముందే రావాలని చెప్తారు, కానీ కొలత పూర్తికాకుంటే కూలి తెగదు. ఆ ఈడు మనిషి కొన్నేళ్ల కింద పని నుంచి వచ్చి, వాకిట్లో కూలబడి, పొద్దుగూకేలోపు పోయాడు. తెల్లారి మట్టి చేశారు. వడదెబ్బ అని కాగితం కావాలంటే పోస్టుమార్టం కావాలి, తహసీల్దారు, ఎస్సై, డాక్టరు ముగ్గురూ కలిసి అవునని రాయాలి. "శవాన్ని కోపిచ్చుడెందుకని ఊకున్నం" అన్నాడు తాత. 2015 ఎండలకు తెలంగాణలో 541 మంది పోయారని ప్రభుత్వ లెక్క. ఇలా ఊరుకున్నవాళ్లు ఆ లెక్కలోకి రారు. 2025 ఏప్రిల్‌లో వడగాడ్పును రాష్ట్రం ప్రత్యేక విపత్తుగా ప్రకటించి సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. కాగితం అడ్డంకి అలాగే ఉంది కాబట్టి ఎంతమందికి చేరుతుందో అనుమానమే.

నాలుగింటికి ప్రచారం ఆటో వచ్చింది. పింఛన్లు, పెట్టుబడి, గుడి, గ్యారంటీలు. ఎండ మాట లేదు. ఎండల వల్ల రాష్ట్రంలో పోలింగ్ సాయంత్రం ఆరు దాకా పొడిగించారని మాత్రం మైకులో రెండుసార్లు చెప్పాడు. పొద్దున ఏడింటికే పోయి వేసొస్తానన్నాడు తాత.

మనవడు నన్ను బండి మీద తాండూరు స్టేషన్‌కు దింపాడు. కోట్‌పల్లి ప్రాజెక్టులో పడవలు తొక్కడానికి వచ్చే హైదరాబాదు పిల్లల గురించి, పొలాలకు రాని దాని నీళ్ల గురించి దారంతా చెప్పాడు. పట్నంలో ఈ ఎండకు ఎలా తిరుగుతున్నావంటే, "మధ్యాన్నమే గిరాకన్నా. ఎండ ఎంతుంటే ఆర్డర్లు అంత. ఎవ్వరు బయటికి రారు గద" అన్నాడు. 13న ఓటుకు వస్తే ఆ వారం ఇన్సెంటివ్ పోతుంది. రాకపోతే తాతను బూత్ దాకా బండి మీద తీసుకుపోయేవాళ్లు లేరు, వాళ్ల నాయనకు ఆ రోజు షిఫ్టు ఉంది. స్టేషన్ వచ్చేదాకా ఆ లెక్కే వేసుకున్నాడు, ఇన్సెంటివ్ ఎంత, పెట్రోలు ఎంత, ముందురోజు రాత్రి బయల్దేరితే తెల్లారి ఎన్నింటికి తిరిగి పట్నంలో ఉండొచ్చు అని.