నాన్న నడుముకి నా తెల్ల బెల్టు

నా బరువు 51 కిలోలు. మొదటి వారం నన్ను మ్యాట్ మీద పడేసి, ఛాతీ మీద అడ్డంగా బరువంతా మోపిన అన్న 92. పైన తిరుగుతున్న ఫ్యాన్ కనిపిస్తోంది, ఊపిరి మాత్రం ఆడట్లేదు. పక్కనుంచి కోచ్ "ట్యాప్ చెయ్, ట్యాప్ చెయ్" అంటున్నాడు. ట్యాప్ అంటే అరచేత్తో రెండుసార్లు తట్టడం. చాలు, వదిలెయ్ అని. ఆ ముక్క నాకు పది నిమిషాల ముందే చెప్పారు. కానీ బుర్ర పనిచేస్తే కదా! ఏడుపొచ్చేసింది. ఆ అన్న ఉలిక్కిపడి లేచి, "సారీ సిస్టర్, సారీ" అంటూ నాకంటే ఎక్కువ కంగారుపడ్డాడు పాపం.

అది 2022. మారేడ్‌పల్లి మార్కెట్‌కి దగ్గర్లో, ఒక టెంట్‌హౌస్ పైన ఉన్న హాలు. కింద పెళ్ళి గిన్నెలు దించుతున్న చప్పుడు, పైన మేం ఒకరినొకరు పడేసుకుంటున్న చప్పుడు. రెండూ కలిసిపోయేవి.

అక్కడికి ఎందుకెళ్ళానో చెప్పాలి. నేను టెస్టింగ్ ఇంజనీర్‌ని. వర్క్ ఫ్రమ్ హోమ్ మొదలయ్యాక నా ఆఫీసు, నా మంచం, నా డైనింగ్ టేబుల్ అన్నీ ఒకటే గదిలోకి వచ్చేశాయి. ఒకరోజు రాత్రి రిలీజ్ కాల్ మధ్యలో గుండె దడదడలాడింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి, గది గోడలు దగ్గరికి వస్తున్నట్టు అనిపించింది. చచ్చిపోతున్నానే అనుకున్నాను. నాన్న లుంగీ మీదే ఆటో పిలిచి హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. ఈసీజీ బాగానే ఉంది. "గుండెకేం కాలేదమ్మా, ఇది ప్యానిక్ అటాక్" అన్నారు డాక్టర్ గారు. ఆ తర్వాత నాలుగు నెలల్లో ఇంకో ఐదుసార్లు వచ్చింది.

ముందే చెప్తున్నాను, నన్ను మొదట నిలబెట్టింది కౌన్సెలింగే. ఫైటింగ్ నేర్చుకుంటే డిప్రెషన్ పోతుంది అని రీల్స్‌లో చెప్పేవాళ్ళని నమ్మకండి. కౌన్సెలర్ మేడమే "ఒళ్ళు కదిలే పని ఏదైనా పెట్టుకో, నలుగురి మధ్య" అన్నారు. జిమ్‌కి వెళ్తే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ ఒంటరిగానే ఉంటానని నాకు తెలుసు. కొలీగ్ ఒకమ్మాయి బలవంతంగా ఈ హాలుకి లాక్కొచ్చింది. తను రెండు వారాలకే మానేసింది. నేనే ఉండిపోయాను.

బ్రెజిలియన్ జిజుట్సు అంటే ఏంటో నాన్నకి చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. వయసులో ఉండగా పాతబస్తీలో దంగల్ ఉందంటే సైకిలేసుకుని పోయేవారట. తాలీంలో ఎర్రమట్టి వాసన గురించి ఇప్పటికీ చెప్తారు. కోడి రామ్మూర్తి నాయుడు రొమ్ము మీద ఏనుగుని ఎక్కించుకున్న కథ నాకు నిద్రపుచ్చే కథ. అలాంటి మనిషికి నా ఫోన్లో క్లాస్ వీడియో చూపిస్తే రెండు నిమిషాలు చూసి ముఖం చిట్లించారు.

"వీపు నేలకి తాకిందంటే చిత్. ఖేల్ ఖతం. మీరేంది బిడ్డా, కింద పడ్డంకనే షురూ చేస్తున్రు?"

కరెక్టుగా పట్టుకున్నారు. కుస్తీలో ఆట ఎక్కడ అయిపోతుందో, మా ఆటలో సగం అక్కడే మొదలవుతుంది. వెల్లకిలా పడుకుని, అవతలి మనిషిని రెండు కాళ్ళ మధ్య బంధించి పట్టుకోవడాన్ని గార్డ్ అంటారు. కింద ఉన్నవాళ్ళు ఓడిపోయినట్టు కాదు. నా చెయ్యి ఆ 92 కిలోల అన్న చేతిని జన్మలో గెలవలేదు. కానీ నా రెండు కాళ్ళు, నడుము, వీపు అన్నీ కలిసి ఆయన ఒక్క మోచేతి మీద పనిచేస్తే? అప్పుడు లెక్క మారుతుంది. దాన్ని ఆర్మ్‌బార్ అంటారు. అది మొదటిసారి పడటానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఆ రోజు ఆయన ట్యాప్ చేసి, లేచి, నాకంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఈ విద్య పుట్టుక కూడా కొంచెం అలాంటిదే. మిత్సుయో మయెదా అనే జపాన్ జూడో వస్తాదు 1914లో బ్రెజిల్ చేరాడు. ఆయన దగ్గర కార్లోస్ గ్రేసీ అనే కుర్రాడు నేర్చుకున్నాడు. కార్లోస్ తమ్ముడు హీలియో బక్కపల్చటి మనిషి. బలంతో పనిలేకుండా, నేల మీద పడ్డాక ఎలా నెగ్గాలి అన్నదాన్ని ఆ కుటుంబం సానబెట్టింది. 1993లో అమెరికాలో మొదటి యూఎఫ్‌సీ పోటీలో హీలియో కొడుకు హోయిస్ తనకంటే భారీ మనుషుల్ని ఓడించాక ప్రపంచం ఇటు చూసింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో జుజిట్సుకి మొదటిసారి చోటు దొరికింది. ఈ చివరి ముక్క అమ్మ కోసం దాచుకున్నాను. "ఏషియన్ గేమ్స్‌లో ఉందమ్మా" అంటే, "అట్లనా, అయితే మంచి ఆటనే" అంది.

మాకు కిమురా అనే పట్టు ఒకటి ఉంది, భుజాన్ని వెనక్కి మెలితిప్పేది. 1951లో రియోలోని మారకానా స్టేడియంలో మసహికో కిమురా అనే జూడో వీరుడు హీలియోని ఆ పట్టుతోనే ఓడించాడు. హీలియో ట్యాప్ చెయ్యలేదు. చెయ్యి విరిగింది. చివరికి కార్లోస్ టవల్ విసిరి ఆట ఆపించాడు. ఓడించినవాడి పేరే ఆ పట్టుకి పెట్టుకున్నారు, అది నాకు నచ్చింది. ట్యాప్ చెయ్యకపోవడాన్ని మాత్రం గొప్పగా చెప్పుకుంటే నాకు ఎక్కదు. సోమవారం పొద్దున లాగిన్ అయి టైప్ చెయ్యాల్సిన చెయ్యి కదా!

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది పట్లు కాదు, కింద ఇరుక్కుని ఉండటం. మీద అంత బరువు ఉన్నప్పుడు శరీరం సరిగ్గా ప్యానిక్ అటాక్ చేసినట్టే చేస్తుంది. అదే దడ, అదే ఊపిరాడకపోవడం. తేడా ఒక్కటే, ఇక్కడ కారణం కళ్ళముందు కనిపిస్తుంది, తడితే లేచి వెళ్ళిపోతుంది. కోచ్ ఒకటే మాట అనేవాడు, "ముందు ఊపిరి వదులు, తర్వాత ఆలోచించు." పీల్చుకోవడం కాదు, వదలడం. నెమ్మదిగా, పొడుగ్గా వదిలితే గుండె కూడా కాస్త దారికొస్తుంది. తర్వాత మోచేయి లోపలికి, నడుము పక్కకి, మోకాలు మధ్యలోకి. ఒక్కో అంగుళం. ఒక సాయంత్రం పరేడ్ గ్రౌండ్ దగ్గర మెట్రోలో మళ్ళీ ఆ దడ మొదలైంది. ఈసారి నా నోరు దానంతటదే ఊపిరి వదలడం మొదలుపెట్టింది. అటాక్ రాలేదని చెప్పను. వచ్చింది. కానీ నేను దిగాల్సిన స్టేషన్‌లోనే దిగాను.

ఒంటి సంగతికొస్తే, సన్నబడలేదు. మూడు కిలోలు పెరిగాను. కానీ ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ రెండో అంతస్తుకి నేనే ఎత్తుకొస్తాను. రాత్రి పదకొండుకి పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాదు. వంగిపోయిన మెడ నిలబడింది. రోలింగ్ జరిగే ఆ ఐదు నిమిషాలూ ఫోన్ గుర్తుకు రాదు, అసలు గుర్తు రావడానికి ఖాళీ ఉండదు.

నష్టాలు లేవా? బోలెడు. వేళ్ళకి ఎప్పుడూ టేపు చుట్టి ఉంటుంది. మ్యాట్ సరిగ్గా తుడవకపోతే తామర అంటుకుంటుంది, నాకు అంటుకుంది కూడా. మోకాలు ఒకసారి ఆరు వారాలు కూర్చోబెట్టింది. గీ అనే ఆ తెల్ల డ్రెస్సు ధర అమ్మకి ఇప్పటికీ సగమే చెప్పాను. ఇంకా, మగవాళ్ళతో కింద పడి కుస్తీ పట్టడం. ఇరవై మందిలో ఆడవాళ్ళం ముగ్గురమే. మొదట్లో చాలా ఇబ్బందిగా ఉండేది. ఊపిరి అందక తన్నుకుంటున్నప్పుడు సిగ్గుపడటానికి టైం ఉండదని తర్వాత తెలిసింది. మర్యాద తెలిసిన మనుషులున్న చోటే నేర్చుకోండి. తేడాగా అనిపిస్తే ఫీజు పోయినా సరే మానెయ్యండి. ఆత్మరక్షణ అంటారా, రోడ్డు మీద ఎవడైనా వస్తే నా మొదటి టెక్నిక్ ఇప్పటికీ పరుగే.

పెళ్ళిచూపుల్లో ఒకావిడ నా ముంజేతి మీద నీలం మచ్చలు చూసి "ఏమైందమ్మా" అంది. అమ్మ నోరు తెరిచేలోపే నాన్న, "మా బిడ్డ కుస్తీ వడ్తది" అన్నారు, మీసం దగ్గరికి చెయ్యి పోనిచ్చి. వాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. నాన్న ఆ రోజంతా హుషారుగా ఉన్నారు.

2024 జూన్‌లో నాకు బ్లూ బెల్టు వచ్చింది. తెల్ల బెల్టు ఉతికి బీరువాలో పెట్టాను. నవంబర్‌లో ఒక తెల్లవారుజామున నాన్న మూతి ఒక పక్కకి వంగింది, మాట ముద్దగా వచ్చింది, ఎడమ చెయ్యి లేవలేదు. పక్షవాతం. ఇలాంటివి కనిపిస్తే ఇంట్లో కాళ్ళు రుద్దుకుంటూ కూర్చోకండి, గంటల్లోపు ఇవ్వాల్సిన మందు ఉంటుంది. మేం త్వరగానే వెళ్ళాం. ప్రాణం దక్కింది. ఎడమ వైపు మాత్రం మొద్దుబారిపోయింది.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. నాన్న 84 కిలోలు. అమ్మ మోకాళ్ళ నొప్పుల మనిషి. ఎవరినీ సాయం అడగడం నాన్న వల్ల కాదు. మూడో రాత్రి ఎవరినీ లేపకుండా బాత్రూంకి బయల్దేరి మంచం పక్కనే పడిపోయారు. నేను వెళ్ళేసరికి వెల్లకిలా పడి, సీలింగ్ చూస్తూ ఉన్నారు. పిలవలేదు కూడా. ఎంతసేపటినుంచి అలా ఉన్నారో ఇప్పటికీ చెప్పరు.

ఇంటికొచ్చే ఫిజియో అబ్బాయి మర్నాడు నేర్పించాడు. చంకల్లో చేతులు పెట్టి లాగకూడదు, పట్టు తప్పిన భుజం జారిపోతుంది. ఎదురుగా నిలబడి, ఆయన బలహీనమైన మోకాలికి మన మోకాలు అడ్డుపెట్టి, నడుముకి కట్టిన బెల్టు పట్టుకుని, మన కాళ్ళతో లేవాలి. "నడుముకి కట్టడానికి గట్టి బెల్టేదైనా ఉందా మేడమ్?" అన్నాడు. బీరువా తెరిచాను. అతను దాన్ని రెండుసార్లు గుంజి చూసి, "ఇది బాగుంది, ఇదెక్కడ కొన్నారు?" అన్నాడు.

దగ్గరగా రావడం, నడుము కిందికి దించడం, చేతులతో కాకుండా కాళ్ళతో లేపడం. రెండేళ్ళుగా నేను చేస్తున్న పనే. మొదటిసారి లేపినప్పుడు నాన్న గడ్డం నా భుజం మీద ఆనింది. నేను పుట్టాక ఆయన్ని అంత దగ్గరగా పట్టుకోవడం అదే అనుకుంటా. "ఆగు, పడ్తవ్ బిడ్డా" అన్నారు. ఆయన పడతారని కాదు, నేను పడతానని భయం. నొప్పి పుడితే నోటితో చెప్పరని తెలుసు కాబట్టి ట్యాప్ నేర్పాను. మంచి చేత్తో నా వీపు మీద రెండుసార్లు తట్టాలి. "గదైతే చేస్త" అన్నారు. అడగడం కాదు కదా, ఆట రూలు.

రెండో వారం ఫిజియో ఇంకో ఎక్సర్‌సైజ్ చెప్పాడు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పాదాలు ఆనించి, నడుము పైకి ఎత్తాలి. నాకు నవ్వాగలేదు.

"ఏందే?" అన్నారు నాన్న.

"ఇది మా ఫస్ట్ డే క్లాస్ నాన్నా. బ్రిడ్జ్ అంటారు. మీద ఎవరైనా కూర్చుంటే లేపడానికి."

"నా మీదెవలు కూసున్నరు?" అని, ఆయనే కాసేపు ఆలోచించి ఊరుకున్నారు.

అప్పట్నుంచీ పొద్దున ఆరున్నరకి ఇద్దరం చేస్తాం. ఆయన మంచం మీద, నేను కింద చాప మీద. మొదటి రోజు ఆయన నడుము వేలెడంత కూడా లేవలేదు. మాట తేలికపడటానికి లెక్క ఆయనే పెట్టాలని ఫిజియో రూల్ పెట్టాడు. పన్నెండు తర్వాత పధ్నాలుగు అంటారు. పదమూడు ఏదీ అంటే, "మెల్లగ నువ్వే ఎగ్గొట్టినవ్" అంటారు. క్లాసుకి మాత్రం వారానికి రెండు రోజులే వెళ్లగలుగుతున్నాను. ఆ రెండు రోజులూ నేను వచ్చేదాకా నిద్రపోరు. ఎవరిని పడేశావో, ఎవరు నిన్ను పడేశారో చెప్పాలి.

ఇవాళ పొద్దున పదహారు దాకా వచ్చాం. పదిహేడోది సగం లేచి, కాలు వణికి, మంచం మీద అరచేత్తో రెండుసార్లు తట్టారు. ఇద్దరం వదిలేశాం. అమ్మ చాయ్ తెచ్చింది.