టాపెట్ అనేసే ముందు

బోనెట్ కింద టిక్కు టిక్కు మొదలైతే భిలాయిలో సుపేలా వెళ్ళినా, పవర్‌హౌస్ వెళ్ళినా మెకానిక్ నోట వచ్చేది ఒకటే మాట: "టాపెట్ ఆవాజ్". చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ అన్నవెంటనే స్పానర్ అందుకోవడం నాకు నచ్చదు. ఆ చప్పుడు ఎప్పుడొస్తోంది, ఎప్పుడు పోతోంది, ఎక్కణ్ణుంచి వస్తోంది అన్నది తేలకుండా ఇంజిన్ మీద చెయ్యి వేయకూడదు.

ఈ పట్టుదల నాకు సెక్టర్ 7లో, మా మావయ్య దగ్గర అబ్బింది. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన ఉక్కు కర్మాగారం భిలాయిది, సెక్టర్ 7 దాని టౌన్‌షిప్‌లోదే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఎందరో పని వెతుక్కుంటూ వచ్చి ఈ సెక్టర్లలో స్థిరపడ్డారు. మావయ్య రైల్ మిల్లులో ఫిట్టర్. మిషన్ నడుస్తుండగానే ఇనప చువ్వ ఒక కొస బేరింగ్ ఇంటి మీద, రెండో కొస చెవి దగ్గర పెట్టి, ఏ బేరింగ్ పాడవబోతోందో చెప్పడం ఆయన పనిలో భాగం. రిటైరయ్యాక ఆ చెవి మా వీధి కార్లకి దొరికింది. మా అదృష్టం.

చప్పుడు వెనక ఉన్నది చిన్న సంగతే. మారుతీ 800 లాంటి బండిలో క్యామ్ తిరుగుతూ రాకర్‌ని లేపుతుంది, రాకర్ వాల్వుని నొక్కుతుంది. రాకర్ కొసకీ వాల్వు తలకీ మధ్య కావాలనే సన్నటి సందు వదులుతారు. మిల్లీమీటరులో పదో వంతు, పావు వంతు, ఆ మధ్యలో. వేడికి వాల్వు కాడ సాగుతుంది కదా, దానికి చోటుండాలి. అరుగుదలతో ఆ సందు పెరిగితే, రాకర్ నొక్కాల్సింది పోయి కొట్టడం మొదలెడుతుంది. మెకానిక్ అనే టాపెట్ ఆవాజ్ ఇదే, కుట్టుమిషన్ నడుస్తున్నట్టు వినిపించేది అప్పుడే. క్యామ్ తిరిగేది క్రాంకు వేగంలో సగమే. ఐడిల్‌లో ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు తెరుచుకునేది 400 సార్లు, అంటే సెకనుకి ఆరేడు టిక్కులు. అలాక్కాక, ఇంజిన్ అడుగు నుంచి చుట్టుచుట్టుకీ లావుపాటి దెబ్బ వినిపిస్తే అది క్రాంకు బేరింగుల వ్యవహారం. ఆ బండిని ఇక నడపకూడదు, తోయించుకు వెళ్ళాలి.

కొన్ని ఇంజిన్లలో మనం పెట్టే సందే ఉండదు. స్విఫ్ట్ డీజిల్‌లో వచ్చిన 1.3 మల్టీజెట్‌లో ఉన్నవి హైడ్రాలిక్ టాపెట్లు, ఆయిల్ ఒత్తిడితో తమంతట తామే సందు పూడ్చుకుంటాయి. రాత్రంతా బండి నిలిచుంటే వాటిలో ఆయిల్ కొంత దిగిపోతుంది. జనవరి చలిలో పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కొద్ది సెకన్లు టిక్కుమని, ఆయిల్ పైకెక్కగానే ఆగిపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఇంజిన్ కాగాక కూడా కొట్టుకుంటుంటే మొదట తీయాల్సింది డిప్‌స్టిక్. ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. మరీ ఎక్కువైతే క్రాంకు చిలికి నురగ తెస్తుంది. నురగలో గాలుంటుంది, నొక్కితే అణిగిపోతుంది, టాపెట్ నిలబడదు. చప్పుడు వినబడకుండా ఉండాలని చిక్కటి ఆయిల్ పోయించేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పల్చటి ఆయిల్ కోసం తయారైన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే, చలి పొద్దున అది పైదాకా చేరేసరికే ఆలస్యమవుతుంది. ఆ కాస్తసేపట్లో క్యామ్ ఆయిల్ లేకుండా అరుగుతుంది.

పోయిన చలికాలం మా లైన్లో ఒకరి మారుతీ 800 టిక్కుమంది. గ్యాస్ కిట్ బిగించిన పాత బండి. టాపెట్లు బిగించాలని ఎవరో అప్పటికే చెప్పారు. మావయ్య బండి యజమానిని అడిగిందల్లా, చప్పుడు ఎప్పుడు ఎక్కువ అని. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, ఓవర్‌బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఎక్కువ, కాగాక బాగా తక్కువ అన్నాడాయన. మావయ్య పొడుగు స్క్రూడ్రైవర్ మొన హెడ్ కవర్ మీద ఆన్చి, పిడి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తర్వాత రబ్బరు గొట్టం ఒక కొస చెవికి పెట్టుకుని, రెండో కొసని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వెంట నెమ్మదిగా నడిపించారు.

"ఇది పైన లేదురా. పక్కన ఉంది," అన్నారు.

అక్కడితో ఆగలేదు. మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర పొగ లీకైనా టిక్కుమనే అంటుంది. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారే పొగ వదులుతుంది కాబట్టి వేగం కూడా అచ్చం టాపెట్‌దే. లెక్కబెట్టి తేల్చడం కుదరదు. అందుకని రబ్బరు తొడుగులేసుకుని, ప్లగ్ వైరు ఒక్కొక్కటే కొద్ది సెకన్లు తప్పించి మళ్ళీ పెట్టమన్నారు. రెండోది తీయగానే టిక్కు పోయింది. సిలిండర్‌లో మంట ఉందో లేదో రాకర్‌కి సంబంధం లేదు, దాని దెబ్బ ఎలాగూ పడుతుంది. మంట ఆగితే తగ్గేది పొగ తోపు. వెతికితే రెండో సిలిండర్ దగ్గర గాస్కెట్ అంచున నల్లటి మసి చార కనిపించింది. గాస్కెట్ మార్చాక చప్పుడు లేదు.

యజమాని బోనెట్ వేయబోతే మావయ్య ఒప్పుకోలేదు. గ్యాస్ మీద నడిచే బండికి టాపెట్లు చూడాల్సిందే అన్నారు. గ్యాస్ పొడి ఇంధనం, వాల్వు కూర్చునే సీటు తొందరగా అరుగుతుంది. సీటు అరిగితే వాల్వు పైకి జరుగుతుంది, సందు పెరగదు, మూసుకుపోతుంది. అలాంటి వాల్వు చప్పుడే చెయ్యదు. పూర్తిగా కూర్చోదు కూడా. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువగా వదిలించుకునేది సీటు ద్వారానే. ఆనడం కుదరకపోతే అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పోతుంది, హెడ్ దించక తప్పదు.

మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగా హెడ్ కవర్ విప్పాం. ఫీలర్ గేజ్ రేకు అయిదు వాల్వుల దగ్గర చక్కగా దూరింది. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ దగ్గర సన్నటి రేకు కూడా పోలేదు. మావయ్య లాక్‌నట్ వదులు చేసి, స్క్రూ తిప్పి, రేకు కాస్త పట్టుగా జారేదాకా సందు ఇచ్చారు. కవర్ వేసి స్టార్ట్ చేస్తే ఇంజిన్ నిన్నటికంటే ఒక పిసరు ఎక్కువే చప్పుడు చేసింది. యజమాని మొహం చూసి, "అది ఉండాల్సిన చప్పుడే. ఆరు నెలలకోసారి తెచ్చి కొలిపించు," అన్నారు మావయ్య, చేతులకంటిన ఆయిల్ గుడ్డతో తుడుచుకుంటూ.