టక్ మంటాది గానీ లేవదు



సత్యవేడులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే ముగ్గురం కలిసి ఈ పోస్టు రాస్తున్నాం. ముగ్గురం యానాదులమే. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సంక్రాంతి సెలవుల్లో పులికాట్ కాడ జరిగింది చెప్తాం, పడవల మీద పనిచేసే మనోళ్ళకు పనికొస్తాది.

మాలో ఒకరి మేనమామ తడ పక్కన ఒక పడవ నడుపుతాడు. పడవ ఆయనది కాదు, దినకూలి. పులికాట్ అంత పెద్ద సరస్సు గానీ చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు. అందుకే వెనక మోటారును స్విచ్చి నొక్కి లేపుతా, దించుతా పోవాలి. పూర్తిగా లేపేదాన్ని టిల్ట్ అంటారు, కొద్దికొద్దిగా కోణం మార్చేదాన్ని ట్రిమ్ అంటారు. రెండూ చేసేది ఒకే చిన్న కరెంటు మోటారు, అది ఆయిల్ పంపును తిప్పుతాది. అది ఆగిపోతే ఫ్యాను బురదలో దిగబడతాది.

ఫ్లెమింగో పండగ దగ్గరపడేసరికి అదే ఆగిపోయింది. స్విచ్చి నొక్కితే రిలే టక్ మంటాది, పైకీ లేవదు, కిందికీ దిగదు. మెకానిక్ టెస్ట్ ల్యాంపు పెట్టి చూసి, "కరెంటు వస్తానే ఉండాది, మోటారే పోయింది, కొత్తది వేయాల" అన్నాడంట. ఓనరేమో "ఉప్పునీళ్ళలో వదిలేసింది నువ్వే, నీ కూలిలో పట్టుకుంటా" అన్నాడు. మామ మారుమాట అనలేదు. మన పెద్దోళ్ళకు అలవాటే కదా అది.

హాస్టల్ సీనియర్ దగ్గర మల్టీమీటర్ అడుక్కొని పోయినాం. మమ్మల్ని చూసి మామ నవ్వినాడు. "ఏంరా, పుస్తకాలు చదివేటోళ్ళకు పడవతో ఏం పని?" నిజానికి మాకూ లోపల భయమే. ఇంకేదన్నా చెడిపోతే అదీ మామ కూలి మీదే పడతాది.

ముందు పెట్రోలు ట్యాంకు దూరంగా పెట్టినాం. టిల్ట్ మోటారుకు పోయే నీలం, పచ్చ వైర్లు ఊడదీసి, బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు తగిలించినాం. గుర్రుమని తిరిగింది! అంటే మోటారు పోలేదు. మరి ల్యాంపు వెలిగింది కదా, తప్పెక్కడ?

మళ్ళీ వైర్లు కలిపి, మామను స్విచ్చి నొక్కి పట్టుకోమని మీటరు పెట్టినాం. బ్యాటరీ దగ్గర 12 వోల్టులు. మోటారు వైర్ల దగ్గర 5. మిగతా 7 దారిలోనే పోతున్నాయి. ఎర్ర వైరు దారంతా బాగుంది. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొస రిలేల ఎర్తు బోల్టు మీద పెట్టి నొక్కిస్తే దాదాపు సున్నా రావాలి. ఏడుకు దగ్గర వచ్చింది. నల్ల వైరు లగ్గు విప్పి చూస్తే లోపలంతా పచ్చటి చిలుము.

ల్యాంపు ఎందుకు మోసం చేసిందంటే, అది లాగేది అర ఆంపియర్ కూడా ఉండదు. మోటారు లాగేది ముప్పై పైన. చిలుము అడ్డం 0.2 ఓములే అయినా, ల్యాంపుకు పోయే నష్టం 0.1 వోల్టు, మోటారుకు పోయే నష్టం 6 పైన. ఓం నియమం ఇంటర్లో బట్టీ కొట్టినాం, ఆ రోజే అర్థమయింది. అందుకే ల్యాంపును నమ్మొద్దు, స్విచ్చి నొక్కి ఉంచి, లోడు మీదే కొలవండి.

బ్యాటరీ వైరు తీసి, చిలుము ఎమిరీ పేపరుతో గీకి, కొత్త లగ్గు వేసి, గ్రీసు పూసినాం. మామ నొక్కినాడు. లేచింది. ఇంకో రెండు సార్లు దించి లేపి చూసుకున్నాడు, చిన్నపిల్లోడి మాదిరి.

ఒకటి మరిచినాం. నీళ్ళ మధ్యలో ఆగిపోతే బ్రాకెట్ పక్కన ఒక స్క్రూ ఉంటాది. దాన్ని వదులు చేస్తే చేత్తోనే ఎత్తొచ్చు, ఎత్తినాక మళ్ళీ బిగించాలి. మోటారు కింద మాత్రం చెయ్యి పెట్టొద్దు. ఈ స్క్రూ సంగతి మాకు చెప్పింది మామే.

కూలి పట్టుకోలేదు. ఓనరు మా గురించి ఏమీ అడగలేదు, మామా చెప్పలేదు. మేము బస్సెక్కేటప్పుడు మాత్రం ఆ మీటరు ఎంతవుతాదని అడిగినాడు. అది సీనియర్‌ది, తిరిగి ఇచ్చేసినాం. స్కాలర్‌షిప్ పడితే మామకు ఒకటి కొనాల.