పుటల పొందిక

ఇల్లు చక్కదిద్దుకొను నేర్పు మన స్త్రీలకు ఒకరు చెప్పి నేర్పవలసినది కాదు. పోపులపెట్టెలో ఆవాలకొక గిన్నె, జీలకఱ్ఱకొక గిన్నె, మెంతులకొక గిన్నె యుండును. చీకటిలో చేయి పెట్టినను కావలసినది చేతికందును. ఏ వస్తువు ఏ చోట నుండవలెనో ఒక్కమారు నిర్ణయించుకొందుము; పిదప దినదినమును దానిని గూర్చి ఆలోచింపము. ఇంతటి నేర్పు గలవారమయ్యును, కంప్యూటరు ముందు కూర్చుండి వ్రాతపని చేయునప్పుడు మాత్రము ప్రతి పేరాను క్రొత్తగా చూచి, ప్రతి శీర్షికను క్రొత్తగా దిద్ది, ఆవగింజల నొక్కొక్కటిగా వెదకి తెచ్చి పోపు వేయువారివలె శ్రమపడుచున్నాము. ఈ శ్రమలో పెక్కుపాలు అనవసరమని సోదరీమణులకు మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వ్రాతపని యన నేడు కచేరీలలోని గుమాస్తాలకే చెల్లినది కాదు. పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, మహిళాసంఘముల నివేదికలు, అపార్టుమెంటు సంఘముల లెక్కలు, ఇంటి పెద్దలు వ్రాసిపెట్టిన జ్ఞాపకములు, ఇవన్నియు అనేక గృహములలో ఆడువారి చేతిమీదుగనే సాగుచున్నవి. ఇంటియొద్దనే టైపు చేసి నాలుగు రూకలు సంపాదించుకొనువారును కలరు. నేనును అట్టిదాననే. ఈ వృత్తిలో కూలి పుటల లెక్కన వచ్చును. టైపు చేసిన పుటకు వెల యుండును గాని, మరల దిద్దిన పుటకు వెల లేదు. శీర్షికలు జరుపుచు, పంక్తుల నడుమ దూరము మార్చుచు గడపిన రాత్రులకు ఎవ్వరును డబ్బీయరు. కావున పేరాలు దిద్దు పద్ధతి యనునది కేవలము అందమునకు సంబంధించినది కాదు. మన కన్నులకును, నిద్రకును, కూలికిని సంబంధించినది.

ఒక యుదాహరణము చెప్పెదను. మా వదినగారు ఒక విద్యార్థి పరిశోధన గ్రంథమును టైపు చేసియిచ్చిరి. అది 180 పుటలు. అందు ఉపశీర్షికలు 60. పని ముగిసిన తరువాత ఆ విద్యార్థి వచ్చి, శీర్షికలు నడుమ నుండరాదనియు, ఎడమ ప్రక్కకు రావలెననియు, అక్షరము కొంచెము చిన్నది కావలెననియు చెప్పి వెడలిపోయెను. ఆ రాత్రి పదకొండు గంటలకు నేను చూచునప్పటికి ఆమె కంప్యూటరు ముందే యున్నారు.

“ఇంకను నిద్రపోలేదేమి, వదినా?” అని యడిగితిని.

“ఏమి చేయుదునమ్మా! ఒక్కొక్కదానిని పట్టుకొని ప్రక్కకు జరుపుచున్నాను. ఇరువదియైదు అయినవి. మధ్యలో ఏదైన విడిచితినేమో యని మరల మొదటినుండి చూడవలెను,” అని యామె కన్నులు నులుముకొనిరి.

లెక్క చూడుడు. శీర్షికను ఎన్నుకొనుట, అక్షరపు పరిమాణము మార్చుట, లావుచేయుట, ప్రక్కకు జరుపుట, పైని క్రిందను ఎడము విడుచుట, ఇవి అయిదు పనులు. 60 శీర్షికలకు 300 పనులు. మరల మార్పు వచ్చినచో మరల 300. పని యెంత శ్రద్ధతో చేసినను, అలసిన కన్నులకు ఒకటి రెండైనను తప్పక తప్పిపోవును. తప్పిన ఆ ఒకటియే చూచువారి కంటబడును.

దీనికి విరుగుడు ‘స్టైలు’ అను ఏర్పాటు. మైక్రోసాఫ్టు వర్డులోను, వెల లేక లభించు లిబ్రెఆఫీసులోను ఇది కలదు. స్టైలనగా పేరాకు పెట్టిన పేరు. ‘ఇది అధ్యాయపు పేరు,’ ‘ఇది ఉపశీర్షిక,’ ‘ఇది సామాన్యమైన పేరా’ అని మనము పేరు మాత్రము చెప్పుదుము. ఆ పేరు గలది ఎట్లుండవలెనో, అక్షరమెంత, ఎడమెంత, పంక్తులు నడుమనా ప్రక్కనా అను సంగతులన్నియు ఒక్కచోట వ్రాసియుంచుదుము. పిదప మార్పు కావలసినచో ఆ యొక్కచోట మార్చిన చాలును. ఆ పేరు గల 60 శీర్షికలును ఒక్క క్షణములో మారును. వర్డులో పై పట్టీయందు కనిపించు స్టైలు పేరుపై మౌసు కుడిమీట నొక్కి ‘మాడిఫై’ అనుదానిని ఎంచుకొనినచో ఈ మార్పు చేయవచ్చును.

పేరు పెట్టుట మరింత సులభము. వర్డులో పేరాయంతయు ఎన్నుకొన పనిలేదు. అందులో ఏదో యొకచోట కర్సరు నిలిపిన చాలును. కంట్రోలు, ఆల్టు మీటలతో 1 నొక్కినచో అది మొదటి తరగతి శీర్షిక యగును. 2, 3 నొక్కినచో రెండవ, మూడవ తరగతులవి యగును. కంట్రోలు, షిఫ్టు మీటలతో ఎన్ నొక్కినచో మరల సామాన్యపు పేరా యగును. లిబ్రెఆఫీసులో కంట్రోలుతో 1, 2, 3 శీర్షికలకును, కంట్రోలుతో సున్న సామాన్యపు పేరాకును చెల్లును. ఎఫ్ 11 నొక్కినచో స్టైలులన్నియు ప్రక్కన వరుసగా కనబడును.

స్టైలులు లేక ఇదివరకే చేతితో దిద్దిన ఫైలు మాట యేమి? దానికిని ఉపాయము కలదు. మా వదినగారి ఫైలులో ఒక్క శీర్షికయందు కర్సరు నిలిపి, వర్డులోని ‘సెలెక్టు’ అనుచోట ‘అట్టి రూపమే గల వాక్యములన్నిటిని ఎన్నుకొనుము’ అను అర్థము గల ఆజ్ఞ నిచ్చితిమి. ఒకే తీరున దిద్దియుండుటచే 60 శీర్షికలును ఒక్కపెట్టున చిక్కినవి. వానికి రెండవ తరగతి శీర్షిక యను పేరు పెట్టి, కంట్రోలుతో క్యూ నొక్కి పేరాకు చేతితో చేసిన దిద్దుబాట్లను, కంట్రోలుతో స్పేసుబారు నొక్కి అక్షరములకు చేసిన దిద్దుబాట్లను తొలగించితిమి. పిదప స్టైలును ఒక్కమారు మార్చితిమి. పని అరగంటలో ముగిసినది. అయితే ఒక హెచ్చరిక: ఈ రెండు మీటలను ఫైలంతటిపై ప్రయోగింపరాదు. వాక్యముల నడుమ కావలెనని లావుగా, వాలుగా వ్రాసిన మాటలు కూడ సాదావై పోవును.

ఇక పేరాలోపలి సంగతులు. ఎంటరు మీటను మనము దుబారా చేయునంతగా మఱి దేనిని చేయము. రెండు పేరాల నడుమ ఎడము కావలసినచో రెండుమార్లు ఎంటరు. క్రొత్త అధ్యాయము క్రొత్త పుటలో రావలసినచో పుట నిండువఱకు ఎంటరు. పేరా మొదట జరుపుటకు అయిదారు స్పేసులు! మొదట ఒక పంక్తి చేర్చినంతనే ఈ కట్టడమంతయు కూలి, అధ్యాయము పేరు పుట నడిమికి వచ్చి పడును. కంట్రోలు, షిఫ్టులతో 8 నొక్కి చూడుడు. ప్రతి ఎంటరు చోటను అద్దములో చూచిన ఆంగ్ల ‘పి’ వంటి గుర్తు కానవచ్చును. అదియే పేరాగుర్తు. వర్డులో పేరాయొక్క రూపమంతయు ఈ గుర్తునందే ఇమిడియుండును. మాటలు లేని వట్టి గుర్తులు వరుసగా నిలిచియున్నచో అవి యన్నియు ఖాళీ పేరాలే.

పేరాకు ముందెంత వెనుకనెంత ఎడము కావలెనో స్టైలులోనే చెప్పవలెను. మొదటి పంక్తి లోనికి జరుగుటయు అందే చెప్పవలెను. అధ్యాయపు శీర్షికకు ‘దీనికి ముందు క్రొత్త పుట’ అను నియమము పెట్టిన చాలును. అది ఎక్కడకు జరిగినను పుట మొదటనే నిలుచును. శీర్షిక తరువాత ఎంటరు నొక్కగానే సామాన్యపు పేరా వచ్చునట్లును నిర్ణయింపవచ్చును. ఇదివరకే చేరిన ఖాళీ పేరాలను తొలగించుటకు, వెదకి మార్చు పెట్టెలో రెండు పేరాగుర్తుల స్థానమున ఒక్కటి యుంచుమని చెప్పవలెను. శీర్షికలకు సరియైన పేర్లున్నచో విషయసూచిక కూడ పుటసంఖ్యలతో తనంత తానే తయారగును; దానిని చేతితో వ్రాయుట యను బాధయే లేదు.

తెనుగు వ్రాయువారికి ప్రత్యేకముగా రెండు మూడు మాటలు చెప్పవలసియున్నది. మన లిపికి పైని గుడులు, క్రిందను వత్తులు కలవు. ‘రాష్ట్రము,’ ‘స్త్రీ’ అను మాటలు ఆంగ్లాక్షరములకంటె ఎక్కువ ఎత్తు కోరును. పంక్తుల నడుమ దూరమును ‘ఎగ్జాక్ట్లీ’ అని బిగించినచో వత్తులు తెగి కనబడును. ‘ఎట్ లీస్ట్’ అనియో ‘మల్టిపుల్’ అనియో యుంచుట మేలు. పూర్వము సీసపు అచ్చులు కూర్చువారు పంక్తుల నడుమ పలుచని సీసపు రేకులు పెట్టెడివారు. ఆంగ్లమున ‘లెడింగ్’ అను మాట ఆ సీసమునుండియే వచ్చినది. మన వత్తులకు ఆ రేకు కొంచెము మందముగనే కావలెను. వర్డులో తెనుగక్షరములకును ఆంగ్లాక్షరములకును ఫాంటు, పరిమాణము వేర్వేరు గళ్లలో చెప్పవలసి యుండును. ఒక గడిలో మార్చి, తెనుగు మారలేదని విసుగుకొనువారు రెండవ గడి చూడవలెను. ఇక రెండు అంచులు సమముగా నుండునట్లు సర్దుట వెడల్పయిన పుటలో అందమే గాని, ఇరుకైన వరుసలలో మన దీర్ఘసమాసములు పంక్తికి మూడే పట్టి, మాటల నడుమ సందులు మిగులును. అట్టిచోట ఎడమ అంచు సరిచేసి కుడి అంచును విడిచిపెట్టుటయే చూపునకు హాయి.

ఇందొక చిన్న సంగతి నా మనస్సునకు గ్రుచ్చుకొనినది. పేరా చివరి పంక్తి తన తోటి పంక్తులనుండి విడిపోయి తరువాతి పుట మొదట ఒంటరిగా పడినచో దానిని ఆంగ్ల ముద్రాపకులు ‘విడో’ అనిరి, అనగా విధవ. మొదటి పంక్తి పుట చివర ఒంటరిగా మిగిలినచో ‘ఆర్ఫన్,’ అనగా అనాథ. ఇట్లు జరుగకుండ కాపాడు నియమము వర్డులో ఆ రెండు పేర్లతోనే నేటికిని కలదు. 1881వ సంవత్సరమున రాజమహేంద్రవరమునందు కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించిన దేశమువారము మనము. చూచువారికి వెగటైన పంక్తికి విధవ యని పేరు పెట్టుట నాకు రుచింపదు. నేను ‘ఒంటిపంక్తి’ అందును. ఆ నియమమును మాత్రము తప్పక యుంచుకొనుడు. దానితోపాటు శీర్షికలకు ‘కీప్ విత్ నెక్స్ట్’ అను నియమము నుంచినచో, శీర్షిక పుట చివర మిగిలి దాని విషయము ఆవలి పుటకు పోకుండును.

ఈ యంత్రవిద్య పురుషులదని కొందఱు సోదరీమణులు వెనుకంజ వేయుదురు. వారు ఈ వృత్తాంతము వినవలెను. ఎవిలిన్ బెరెజిన్ అను నామె 1925లో న్యూయార్కు నగరమున జన్మించెను. ఆమె 1969లో రెడాక్ట్రాన్ అను సంస్థను నెలకొల్పి, ‘డేటా సెక్రటరీ’ అను యంత్రమును నిర్మింపజేసెను. చిప్పులతో నడచిన తొలి వర్డు ప్రాసెసరులలో నది యొకటి. దానికి తెర లేదు, ఐ.బి.ఎం. వారి టైపు యంత్రమే దానికి మీటలపలకయు, అచ్చువేయు సాధనమును. ఒక మాట తప్పినంత మాత్రమున పుటయంతయు మరల కొట్టవలసిన దుఃస్థితి ఆనాటి టైపిస్టులది; వారిలో అత్యధికులు స్త్రీలు. చేసిన పనిని మరల మొదటినుండి చేయకుండుట యను కోరికనుండియే ఈ యంత్రములు పుట్టినవి. బెరెజిన్ 2018లో గతించెను. వర్డు 1983లో వెలువడినది. ఇంత సౌకర్యము చేతిలోనికి వచ్చిన పిమ్మట కూడ మనము ప్రతి శీర్షికను చేతితో జరుపుచు కూర్చుండుట, టైపు యంత్రముల కాలపు కష్టమును కోరి తెచ్చుకొనుటయే.

ఇన్ని సంగతులు ఒక్కనాడే అభ్యసింపవలెనని నేను చెప్పను. ముందుగా మూడు పేర్లు చాలును: అధ్యాయపు శీర్షిక, ఉపశీర్షిక, సామాన్యపు పేరా. టైపు చేయునప్పుడు రూపమును గూర్చి తలపక, ఏది యేదియో పేరు మాత్రము పెట్టుచు పొండు. అంతయు ముగిసిన పిదప మూడు స్టైలులను మీ యభిరుచి ననుసరించి దిద్దుకొనుడు. నచ్చినదానిని టెంప్లేటుగా భద్రపఱచుకొనినచో తరువాతి పనికి మరల మొదలుపెట్ట నక్కఱలేదు. పని యిచ్చువారితో ముందే మాటాడి, శీర్షికలు ఎచ్చట నుండవలెను, పంక్తుల నడుమ దూరమెంత అని వ్రాతపూర్వకముగా తీసికొనుడు. ఆపైని మార్పులకు వేఱుగ కూలి యడుగుటకు సంకోచింపకుడు. పని అరగంటలో ముగిసినంత మాత్రమున దాని విలువ తగ్గదు. ఆ యరగంట వెనుక మనము నేర్చిన విద్య యున్నది. మిగిలిన రాత్రి మనది. దానిని నిద్రకో, చదువునకో, బిడ్డలతోడి ముచ్చటకో సోదరీమణులు వినియోగించుకొందురు గాక.