భువనగిరి గుట్ట: పదింబావు దాటితే వెనక్కే!

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, నాచారం, ఉప్పల్ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట. "ఈ సండే ఎటన్నా పోదాం రా!" ఊటీకి లీవు లేదు, అరకుకి టికెట్లు లేవు. చివరికి అందరి వేలూ ఒకేచోట ఆగుతుంది.. భువనగిరి గుట్ట.

మనకి అది నిజంగానే పక్కిల్లు. ఉప్పల్ రింగ్‌రోడ్డులో వరంగల్ హైవే ఎక్కి బోడుప్పల్, నారపల్లి, ఘట్‌కేసర్, బీబీనగర్ దాటితే వచ్చేస్తుంది. అంతా కలిపి నలభై కిలోమీటర్ల పైమాట. ట్రాఫిక్ లేకుంటే బైక్ మీద గంట. బీబీనగర్ దాటిన కాసేపటికి దూరంగా ఓ పెద్ద గుడ్డుని సగం భూమిలో పాతేసినట్టు కనిపిస్తుంది చూడండి, అదే.

నేను నాచారంలో ఉంటాను, ఉద్యోగం ఉప్పల్లో. రోజంతా ఏసీలో కూర్చుని కోడ్ రాసేవాణ్ని. ఈ గుట్టని నాలుగేళ్లుగా అన్ని కాలాల్లోనూ ఎక్కాను. డిసెంబర్లో ఎవరైనా ఎక్కేస్తారు. ఏప్రిల్లో మాత్రం కాళ్ల బలంతో పనిలేదు, గడియారంతోనే పని. ఈ సండే మీరు బయల్దేరుతుంటే, ముందు ఇది చదివి వెళ్లండి.

ఒకే రాయి.. నలభై ఎకరాలు

భువనగిరి కోట ఉన్నది ఒకే ఒక్క రాతి మీద. ఎత్తు 500 అడుగుల దాకా, విస్తీర్ణం 40 ఎకరాలు. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడు కట్టించాడని చెబుతారు. ఆయన 1076 నుంచి 1126 దాకా పాలించాడు. ఆయన పేరు మీదే ఇది త్రిభువనగిరి, పోనుపోనూ భువనగిరి. తర్వాత కాకతీయుల చేతికొచ్చింది. 1708లో మన సర్వాయి పాపన్న దీనిమీదికి దండెత్తాడు.

కోట కట్టినవాళ్లు తెలివైనవాళ్లు. నున్నటి రాతి గోడ ఎక్కి శత్రువు రాలేడు. పైన రాతి గుంటల్లో వాన నీళ్లు పట్టుకునే ఏర్పాటు ఉంది. కానీ అదే నున్నటి రాయి ఎండాకాలంలో మనకి ప్రత్యర్థి అవుతుంది.

ఎందుకంటే ఇది గ్రానైట్. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. గ్రానైట్ పొద్దున మెల్లగా వేడెక్కుతుంది, సాయంత్రం మెల్లగా చల్లారుతుంది. మట్టి నేలైతే చెట్టూ తేమా కాస్త కాపాడతాయి. ఇక్కడ గుట్ట పైభాగంలో చెట్టు నీడ దాదాపు లేదు. పైనుంచి ఎండ, కిందనుంచి రాతి సెగ. రెండు వైపులా కాల్చే దోసె పెనం అనుకోండి.

యాప్‌లో 39, రాతి మీద ఎంత?

చాలామంది చేసేది ఇదే. ఫోన్లో వెదర్ చూస్తారు, 39 అని ఉంటుంది. "39 ఏగా, నిన్న 41 ఉండె" అనుకుని బయల్దేరతారు.

ఆ 39 ఎక్కడిదో తెలుసా? వాతావరణ శాఖ ఉష్ణోగ్రతని నీడలో కొలుస్తుంది. నేల మీద నుంచి మనిషి ఛాతీ ఎత్తున, గాలాడే తెల్ల పెట్టెలో థర్మామీటర్ పెడతారు. అంటే ఆ అంకె గాలి వేడి మాత్రమే. నేరుగా పడే ఎండ, రాతి సెగ అందులో లేవు. గాలి 40 ఉన్న మధ్యాహ్నం ఎండలో ఉన్న రాయి 50 దాటడం మామూలే. గుట్ట మీద పట్టుకుని ఎక్కడానికి ఇనుప రెయిలింగ్ ఉంటుంది. పదకొండు దాటాక దాన్ని ఒట్టి చేత్తో పట్టుకుంటే చురుక్కుమంటుంది.

మరి పైకెళ్తే చల్లగా ఉండదా? ఎత్తు పెరిగితే చలి పెరుగుతుందని ఇంజనీరింగ్ కాలేజీకి పోకముందే చదువుకున్నాం. నిజమే, కానీ లెక్క వేయండి. కిలోమీటరు ఎత్తుకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. 500 అడుగులంటే 152 మీటర్లు. అంటే తగ్గేది దాదాపు ఒక్క డిగ్రీ! ఆ ఒక్క డిగ్రీని రాతి సెగ ఎప్పుడో మింగేస్తుంది.

ఇంకోటి, పైన గాలి బాగా వీస్తుంది. హాయిగా ఉంటుంది కూడా. మోసం అక్కడే ఉంది. పొడిగాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా తడవదు కాబట్టి ఒంట్లో నీళ్లు పోతున్నాయని తెలీదు. తెలిసేసరికి తల తిరుగుతుంటుంది.

మెట్టు ముఖ్యమా, మనిషి ముఖ్యమా?

పోయిన ఏప్రిల్లో మా టీంలో కొత్తగా చేరిన తమ్ముడొకడు నాతో వచ్చాడు. ఇరవై మూడేళ్లు, రోజూ జిమ్‌కి పోయే ఒళ్లు. మొదటి ద్వారం దాకా నాకన్నా ముందే ఎక్కేశాడు. రెండో ద్వారం దాటాక జోకులు ఆపేశాడు. ఇంకాసేపటికి పిక్కలు పట్టేస్తున్నాయన్నాడు. టైమ్ చూస్తే పదీ పది. పైన బాలా హిసార్ గోడలు కనిపిస్తూనే ఉన్నాయి, పావుగంట నడక అంతే.

"దిగుదాం" అన్నా.

"అన్నా, ఇంత దూరం వచ్చి? ఒక్క రీల్ అన్నా తీసుకుందాం."

"గుట్ట వెయ్యేళ్ల నుంచి కోట మోస్తా నిలబడింది. వచ్చే నెల ఎటూ పోదు. నువ్వు లే."

కోపమొచ్చింది వాడికి. కానీ లేచాడు. ద్వారం లోపలి నీడలో కూర్చోబెట్టి, మెడకి తడి టవల్ చుట్టి, ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా తాగించా. ఇరవై నిమిషాలకి మొహంలో కళ వచ్చింది. నెమ్మదిగా దిగాం. ఆఫీసులో వారం రోజులు "రెండో గేట్ హీరో" అని ఏడిపించారు. వాడు డిసెంబర్లో మళ్లీ వచ్చి పైదాకా ఎక్కాడు. నాకు గుర్తుండేది మాత్రం ఆ ఏప్రిల్ ట్రిప్పే.

పిక్కలు పట్టడం, తలనొప్పి, వికారం.. ఇవి ఒళ్లు ఇచ్చే మొదటి నోటిఫికేషన్లు. వాటిని స్వైప్ చేసి పక్కకి తోసేయకూడదు. మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, స్పృహ తప్పడం కనిపిస్తే అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేసి, నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ మొదట ఎక్కింది ఈ గుట్టే

ఈ రాతి గోడ మీదే రాక్ క్లైంబింగ్ నేర్పిస్తారు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ మొదటి పాఠాలు నేర్చుకున్నది ఇక్కడే. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు.

తేదీ చూశారా? మే 25. మనకి రోహిణి కార్తె మొదలయ్యే రోజులు. మనం ఇంట్లోంచి కదలని ఆ వేళే ఎవరెస్ట్ ఎక్కడానికి అనువైన సమయం. ఏడాదిలో చాలా నెలలు ఆ శిఖరాన్ని జెట్ స్ట్రీమ్ అనే భీకరమైన గాలి కొడుతూ ఉంటుంది. వానాకాలం వచ్చే ముందు మే నెలలో ఆ గాలి ఉత్తరానికి జరుగుతుంది. దొరికేవి కొన్ని రోజులే. ఆ రోజుల్లో కూడా ఫలానా టైమ్‌కి శిఖరం చేరకపోతే వెనక్కి తిరగాలని ముందే గీత గీసుకుంటారు. 1996 మేలో మధ్యాహ్నం రెండు దాటినా కొందరు పైకే వెళ్లారు. సాయంత్రానికి తుపాను కమ్మింది. రెండు రోజుల్లో ఎనిమిది మంది చనిపోయారు.

అక్కడ చలి, ఇక్కడ ఎండ. సూత్రం ఒక్కటే. శిఖరం దగ్గర పడ్డాక ఆలోచించే బుద్ధి పనిచేయదు కాబట్టి, ఆ నిర్ణయం కిందే తీసేసుకోవాలి. మా గ్యాంగ్ రూల్ ఇదీ: పదింబావుకి ఎక్కడున్నా వెనక్కి, పదకొండుకల్లా కింద. రూల్ మార్చాలంటే ముందు రోజు మార్చాలి, గుట్ట మీద కాదు.

కోట గేటు మనకి నచ్చిన టైమ్‌కి తీయరు. టైమింగ్స్ ముందు రోజే కనుక్కోండి. కౌంటర్ తెరవగానే మొదటి టికెట్ మీదే కావాలి. ఆలస్యమైందా, కింది ద్వారాలు, బురుజులు చూసి రండి. అవి కూడా కోటే కదా!

సాయంత్రం పోదామా మరి?

ఎండ తగ్గాక నాలుగింటికి ఎక్కుదాం అంటారు కొందరు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలకి ఇంకో గండం ఉంది. పొద్దంతా ఉడికిన గాలి పైకి లేచి మధ్యాహ్నం తర్వాత క్యుములోనింబస్ మబ్బులు కడుతుంది. ఈదురుగాలి, ఉరుములు, వడగళ్లు అరగంటలో వచ్చేస్తాయి. మామిడి కాయలు రాలేది ఈ వానలకే. బోడి గుట్ట మీద చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తున ఉండేది మీరే, పక్కన ఇనుప రెయిలింగ్. నాలుగు చినుకులు పడితే నున్నటి రాయి జారుడుబల్ల.

మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉందని అర్థం. వెంటనే దిగాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు. ఫోన్లో దామిని యాప్ వేసుకోండి, దగ్గర్లో పిడుగులుంటే హెచ్చరిస్తుంది.

బ్యాగులో ఏముండాలంటే..

- మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు. సగం అయిపోయాయంటే వెనక్కి తిరగాల్సిందే.
- ఓఆర్‌ఎస్, లేదా ఉప్పేసిన పల్చటి మజ్జిగ. కూల్‌డ్రింకులు వద్దు.
- కాటన్ టవల్, టోపీ, ఫుల్ హ్యాండ్స్ కాటన్ చొక్కా.
- పట్టున్న బూట్లు. చెప్పులతో రాతి మీద నడవొద్దు.
- ఫోన్ జేబులోనే ఉండాలి, రాతి మీద పెట్టొద్దు. ఐఫోన్‌ని 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దని ఆపిలే చెబుతుంది. అది వేడెక్కి ఆగిపోతే 108కి చేసేదెలా?
- పైన గుంటల్లో నీళ్లు కనిపిస్తే ఫొటో తీసుకోండి, తాగకండి.

మార్చి నుంచి ఏప్రిల్ సగం దాకా ఈ జాగ్రత్తలతో ఎక్కొచ్చు. వాతావరణ శాఖ వడగాలుల హెచ్చరిక ఇచ్చిన రోజు, మే నెల మొత్తం, నా మాట విని గుట్టని వదిలేయండి. దిగొచ్చేటప్పుడు హైవే పక్కన తాటి ముంజలు అమ్ముతుంటారు. డజను కొనుక్కుని నీడలో కూర్చుని, పైకి చూస్తూ తినండి. శిఖరం దాకా ఎక్కినా, సగంలో దిగినా ముంజల రుచి ఒకటే.