కలివికోడిని ఎరిగినోళ్లు

మాది సిద్ధవటం పక్క, లంకమల అడవంచు మాదిగపల్లె. మా వంశంలో డిగ్రీ చదివినోణ్ణి నేనే మొదలు. ఇప్పుడు సర్కారు బడిలో సైన్సు చెప్తాను. అంతరించిపోతున్న జీవుల పాఠం వస్తే పులి దగ్గర ఆగను. మా అడవి పిట్ట కలివికోడి గురించి చెప్తాను.

బ్రిటిష్ కాలపు డాక్టరు జెర్డాన్ ద్వారా ఈ పిట్ట 1848లో పుస్తకాలకెక్కింది. ఇంగ్లీషులో ఇప్పటికీ దానికి ఆయన పేరే. పెన్నా లోయలోనూ, గోదావరి వైపు భద్రాచలం, సిరొంచ దగ్గరా ఉందని ఆనాటి దొరలు రాసుకున్నారు. 1900లో అనంతపురం వైపు చూసినట్టు రాసిందే ఆఖరు. ఇక లేదనుకున్నారు. తర్వాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు పల్లెపల్లెకూ తిరిగి అడిగినారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టి తెచ్చినాడు. 86 ఏళ్ల తర్వాత మళ్లీ కనుగొన్నారని లోకమంతా రాసింది.

"సార్, ఐతన్నకు ముందే ఎరుకైతే మళ్లీ కనుక్కునేదేంది సార్?" అని ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది.

ఆ పిల్ల అడిగింది న్యాయమే. కలివి పొదల్లో తిరిగేది గనక కలివికోడి అన్నారు. పేరుందంటే పేరు పెట్టినోళ్లున్నట్టే. చూసినోళ్లకు రాయను రాదు. రాయనేర్చినోళ్లు ఆ పొదల్లోకి రాలేదు. మా తాతముత్తాతల బతుకు కూడా ఇట్లనే పుస్తకాల్లో లేకుండా పోయింది. మరి వాళ్లు బతకలేదా?

2000 తర్వాత దీని మీద గట్టి సర్వేలు జరిగినాయి. ఇది రాత్రి తిరిగే పిట్ట, కండ్లతో చూసి లెక్కపెట్టలేం. పొదల మధ్య సన్నమట్టి పట్టీలుగా పరిచి, తెల్లారి పోయి అడుగులు చూడాల. దీనికి ముందు మూడు వేళ్లే, వెనక వేలు లేదు. పొద్దుగూకినాక టేపురికార్డరులో కూత వినిపించి జవాబు కోసం చెవొగ్గాల. అట్లాంటి పనికి మా నాయన దినకూలీకి పోయినాడు. మట్టి మోసినాడు, జల్లించినాడు. పగలు ఊరి టీకొట్లో ఆయనకు వేరే గ్లాసు. రాత్రి అడవిలో మాత్రం చదువుకున్న సార్లంతా ఆయన వెనకాల నడిచేటోళ్లు. "సీకట్లో నేను సెప్పిందే దోవ అబ్బయా" అని నవ్వేటోడు. వారం తిరిగితే మస్టరులో వేలిముద్ర.

రెండు మీటర్లకు పైబడిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్న చోటే దానికి ఎక్కువ అనుకూలమని ఆ సర్వేలు తేల్చినాయి. మా నాయన లెక్కలో అది "మేక దూరి బయటికొచ్చేంత సందు". మరీ దట్టమైనా, మరీ బోడైనా పిట్ట నిలవదు. ఎదిగిన పిట్టలు 250 కూడా ఉండవని అంతర్జాతీయ అంచనా.

దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. 2005లో తెలుగుగంగ కాలువ పనులు అది తిరిగే చోటికే వస్తే, గొడవ పడి కాలువ దోవ మళ్లించినారు. మంచిదే, పిట్ట బతకాల. కానీ కట్టెలమోపుతో వచ్చే మాయమ్మను ఆపి కొడవలి లాక్కున్నారు. జేసీబీతో పొదలు పెరికి తోటలు పెట్టినోళ్ల దగ్గర ఏం లాక్కున్నారు? కట్టెలు కొట్టడం మితిమీరినా పిట్టకు చేటే, ఒప్పుకుంటాం. లెక్క తీసేటప్పుడు మా కండ్లు కావాల, కాపాడే మాట వచ్చేసరికి మేమే దొంగలమా?

తర్వాత మళ్లీ ఏండ్ల తరబడి కలివికోడి జాడ దొరకని కాలం వచ్చింది. వెతికేటోళ్లు మొదట అడగాల్సింది జీవాలు కాసేటోళ్లను. అడిగితే చాలదు, వాళ్ల ఎరుకను ఎరుకగా రాయాల, కూలిగా రాస్తే కుదరదు.

ఈ ఏడు మా బడి పిల్లలు ఒక నోటుపుస్తకం పెట్టినారు. ఏ పిట్టను యాడ చూసినారో, ఏ కాలంలో చూసినారో మేకలు కాసే తాతల్ని, కట్టెలకు పోయే అవ్వల్ని అడిగి రాస్తున్నారు. మొదటి గడిలో చెప్పినోళ్ల పేరు, ఇంటిపేరుతో సహా. పిట్ట పేరు రెండో గడిలో.