ఇంటిపేరు జీడి

చిలకపాలెం జంక్షన్ దాటాక హైవే పక్కన ఎండాకాలంలో నాలుగు కర్రలు పాతి, పైన తాటాకు కప్పి జీడిపప్పు అమ్ముతారు. మొన్న ఏప్రిల్లో నేనూ, మా చెల్లెలి కొడుకూ అక్కడ ఆగాం. వాడు ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురం ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు. పక్కపక్కనే రెండు కొట్లు. ఒకదాని అట్టముక్క మీద కేష్యూ ఇంగ్లిషులో 'కె'తో మొదలైంది. రెండోదాని మీద 'సి'తో మొదలై, 'క్యాష్' వరకూ బారుగా వచ్చి, చోటు చాలక ఆఖరి రెండక్షరాలూ కింది వరసలోకి దిగాయి.

"మావయ్యా, ఏది రైటు?"

"క్యాష్ ఉన్నదే రైటు."

కొట్టులో ఆవిడ నవ్వింది. "రాత ఏదైతే ఏటి బాబూ, పిక్క ఒకటే కదా!"

పిక్క ఒకటే. కానీ ముప్పై ఏళ్లు పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని, ఆ మాటతో ఊరుకోగలనా? కార్లో కూర్చున్న దగ్గర్నుంచీ మొదలుపెట్టాను. ఆ స్పెల్లింగులో ఉన్న క్యాష్‌కీ డబ్బుకీ ఏ సంబంధమూ లేదు. బ్రెజిల్లో టుపి భాష మాట్లాడేవాళ్లు ఈ చెట్టుని 'అకజు' అనేవారు. పోర్చుగీసువాళ్లు దాన్ని 'అకజు' అనీ, ముందున్న అకారాన్ని మింగేసి 'కజు' అనీ పలికారు. ఫ్రెంచివాళ్లు 'అకజూ' అన్నారు, అదే మాటని మహాగని కలపకి కూడా తగిలించారు. ఇంగ్లిషువాళ్ల దాకా వచ్చేసరికి అకారం పూర్తిగా రాలిపోయింది, 'జు' కాస్తా 'ష్యూ' అయింది, చెవికి తోచినట్టు రాసుకున్నారు. ఇందులో వాళ్లని తప్పుపట్టడానికేం లేదు. హాస్పిటల్లో హకారాన్ని మింగి మనం ఆసుపత్రి చేసుకోలేదా? హిందీ 'కాజూ' మాత్రం పోర్చుగీసువాళ్ల నోటి నుంచి నేరుగా దిగింది.

టుపి మాటలో నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. 'అకజు' అంటే పండూ అవును, ఏడాదీ అవును. ఏడాదికోసారి కాసే పండుతో వాళ్లు ఏళ్లు లెక్కపెట్టేవారు. మా అమ్మమ్మ క్యాలెండరు చూడ్డం నేను ఎరగను. "మీ పెద్దమావయ్య పెళ్లా? జీడి బాగా కాసిన యేడు" అనేది. ఇప్పుడు ఉద్దానంలో ఎవర్ని కదిపినా తిత్లీకి ముందు, తిత్లీకి తరవాత అంటారు. 2018 అక్టోబరులో ఆ తుఫాను జీడితోటల్నీ, కొబ్బరిచెట్లనీ ఒక్క రాత్రిలో నేలకి పడేసింది మరి.

సరే, తెలుగు పేరు సంగతి. మనం టుపి మాట తీసుకోలేదు. జీడి అనేది పోర్చుగీసువాళ్లు రాకముందు నుంచీ మన కొండల్లో ఉన్న వేరే చెట్టు. సంస్కృతంలో భల్లాతకి. దాని పిక్క నల్లగా, కాస్త బల్లపరుపుగా, గుండె ఆకారంలో ఉంటుంది. పెంకులోని రసానికి సున్నం తగిలితే చెరగని నలుపు. చాకలివాళ్లు ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి దాంతోనే గుర్తులు పెట్టేవారు. మా తాత పంచె అంచున మూడు చుక్కలుండేవి. పంచె చిరిగి మసిగుడ్డ అయినా చుక్కలు పోలేదు.

పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో కొత్త చెట్టు పడమటి తీరానికి దిగి, మెల్లగా మన ఇసకనేలల దాకా వచ్చింది. చూస్తే పండు కింద పిక్క వేలాడుతోంది. నిజానికి అది పండు కాదు, ఉబ్బిన తొడిమ. ముందు పిక్క కడుతుంది, తరవాత తొడిమ ఊరి ఎర్రగానో పచ్చగానో పండులా తయారవుతుంది. మన జీడికీ అచ్చం ఇదే వరస, నల్లపిక్క వెనక నారింజరంగు తొడిమ. కొత్తదాని పెంకులోనూ ఒళ్లు కాల్చే సొనే. ఆకూ, పూతా, వాసనా చూస్తే మామిడి గుర్తొస్తుంది. రైతు రెండూ కలిపి జీడిమామిడి అన్నాడు. శాస్త్రం ఈ మూడు చెట్లనీ ఒకే కుటుంబంలో పెట్టింది. జీడీ, మామిడీ చుట్టాలని మనవాడికి ఏ ల్యాబూ చెప్పలేదు, కళ్లతో చూసి, చేతులు కాల్చుకుని తెలుసుకున్నాడు.

చేతులు కాల్చుకోవడం నాకూ తెలుసు. ఎనిమిదేళ్లప్పుడు తోటలో ఆకులు మంటపెట్టి పిక్కలు కాల్చాం. ఒకటి సర్రుమని సొన చిమ్మింది. నేను ఆగలేక, సగం కాలినదాన్ని పళ్లతో కొరికాను. పెదాలు బొబ్బలెక్కి, మూతి చుట్టూ నల్లగా పొరలూడి, వారం పాటు గంజే గతి. అమ్మ కొబ్బరినూనె రాస్తూ తిడుతూ, తిడుతూ రాస్తూ ఉండేది.

ఇంతకీ మొక్కలకి లాటిన్ పేర్లు పెట్టిన శాస్త్రవేత్త లిన్నేయస్ చేసిందీ మా రైతు చేసిన పనే. యూరపు మందుల కొట్లలో మన నల్లపిక్కకి గ్రీకు మాటతో కట్టిన పేరుండేది, అనకార్డియం. కార్డియా అంటే గుండె, కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు. 1753లో లిన్నేయస్ ఆ పేరు తీసి బ్రెజిల్ చెట్టుకి ఇచ్చేశాడు. పడమటిది కాబట్టి అనకార్డియం ఆక్సిడెంటాలే. లాటిన్లో కూడా మనలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తరవాత. దత్తు వచ్చినవాడు ఇంటిపేరు పట్టుకుపోతే, ఇంట్లో పుట్టినవాడు బయటపడ్డాడు. తరవాత లిన్నేయస్ కొడుకు వాడికి సెమికార్పస్ అని కొత్త ఇంటిపేరు పెట్టాడు, గుర్తుపెట్టే కాయ అని అర్థం. పాత ఇంటిపేరు సొంతపేరుగా మిగిలింది, సెమికార్పస్ అనకార్డియం. హోమియో డాక్టర్లు మాత్రం ఇప్పటికీ దాన్ని అనకార్డియం ఓరియంటాలే అనే పిలుస్తారు. పరీక్షల ముందు చదివింది మరిచిపోతున్నామనే పిల్లలకి ఇచ్చే ఆ తియ్యటి గుళికల సీసా మీద మన నల్లజీడి పేరే ఉంటుంది.

మన దగ్గరా అంతే. ఫారం కోడి వచ్చాక మన కోడి నాటుకోడి అయినట్టు, జీడిమామిడి వచ్చాక మన జీడి నల్లజీడి అయింది. పోర్చుగీసువాళ్లు కజుని ఇటు తెచ్చి, మన మామిడిని బ్రెజిల్‌కి పట్టుకెళ్లారు. మలయాళం మాంగా వాళ్ల నోట్లో మాంగ, ఇంగ్లిషు నోట్లో మ్యాంగో. ఒకే వంశంలో కుండమార్పిడి!

తిరుగు ప్రయాణంలో మావాడు మళ్లీ అక్కడే ఆపాడు. నంబరు 240 అరకిలో అడిగాడు. 240 అంటే పౌనుకి సుమారు అన్ని గుండ్లు తూగుతాయని, అంకె తగ్గేకొద్దీ గుండు లావని ఆవిడే వాడికి చెప్పింది.

"అత్తా, మీ దగ్గర నల్లజీడి ఉంటాదా?" అన్నాడు.

"అదెందుకు బాబూ నీకు? అమ్మడానికి లేదు." తూకం మీంచి కన్ను తియ్యకుండా పైకి వేలు చూపించింది. "దిష్టికి కట్టినాం, నీ నెత్తి మీదే ఉంది సూడు."

తాటాకు చూరుకి, నిమ్మకాయకీ ఎండిపోయిన పచ్చిమిరపకాయలకీ మధ్య, నల్లదారానికి గుచ్చి వేలాడుతోంది. మావాడు మునివేళ్ల మీద లేచి, ఫోను లైటు వేసి చూశాడు.

"గుండెలాగే ఉంది మావయ్యా."

"ముట్టుకోకు" అన్నాం నేనూ, ఆవిడా ఒకేసారి.